రాయి నడిచేవేళ

శ్వేతగిరి రాజ్యపు దక్షిణ పొలిమేరలో ఇసుకదిబ్బలు పాడతాయి. పిల్లగాలికి తుమ్మెద రొదలాగా, పెనుగాలికి మదపుటేనుగు ఘీంకారంలాగా, దిబ్బకొక శ్రుతిలో పాడతాయి. ఆ దిబ్బలకవతల మెరుపులకొండ ఉంది. దాని శిఖరం మీద ఏడాది పొడుగునా మెరుపు ఆరదు, ఉరుము మాత్రం వినిపించదు. దారి తప్పిన బేహారులకు అదే దీపం. ఆ కొండ పాదంలో పుట్టిన ఉడుకేరు నిప్పనేది లేకుండానే కుతకుతలాడుతూ అడవిలోకి పారుతుంది. అందులో పడ్డ చేప ఒడ్డు చేరేసరికి కూర అయి ఉంటుంది, ఉప్పూ కారం మాత్రం మనమే వేసుకోవాలి. ఇన్ని వింతలున్న దేశంలో మనుషులు మాత్రం అన్ని దేశాల మనుషుల్లాంటి వాళ్ళే. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ సాయంత్రం పాడే దిబ్బల మీద ఇద్దరు యువకులు ప్రాణాలు అరచేత పట్టుకుని పరుగెత్తుతున్నారు. ముందున్నవాడు కేదారుడు. నడకరాళ్ళ బయలును కనిపెట్టుకుని ఉండే కాపరిపాళెం అతని ఊరు. నడుముకు రెండు సొరకాయ బుర్రలు వేలాడుతున్నాయి. ఒకదాని మెడకు ఎర్రతాడు, ఇంకోదాని మెడకు పచ్చతాడు. రెండింటి నిండా ఉడుకేటి ఊటనీరు. వెనకున్నవాడు ధర్మపాలుడు, అతని మేనత్త కొడుకు. పసితనంలోనే తల్లీ తండ్రీ పోతే కేదారుడి ఇంట్లో, కేదారుడి కంచంలో తిని పెరిగాడు. రేపో మాపో కేదారుడి చెల్లెలు వకుళ మెడలో తాళి కట్టవలసినవాడు. వాళ్ళను తరుముకొస్తున్నది మనిషీ కాదు, మృగమూ కాదు. అగ్గిసుడి!

ఊటకు కాపలా ఉన్న కరాళ మాంత్రికుడు వీళ్ళు నీళ్ళు ముంచుకుని పారిపోవడం చూశాడు. ఏటిగట్టున ఎండుగడ్డికి నిప్పుపెట్టి, గాలికి ఈల వేశాడు. ఆ మంట నేల మీద పాకకుండా మెలితిరిగి లేచింది. తాటిచెట్టంత ఎత్తున, గిర్రున తిరుగుతూ, దారిలో ఉన్న ప్రతి పొదనూ పీల్చుకుంటూ దిబ్బలెక్కి వచ్చేస్తోంది.

"బావా, ఆగకు! దిబ్బ శిఖరం దాటితే చాలు!" అని కేదారుడు అరిచాడు.

ధర్మపాలుడు ఆగలేదు, పడ్డాడు. మడమ బెణికింది. లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు.

"నన్నొదిలేసి పో కేదారా! వకుళ కోసమైనా నువ్వు బతకాలి!" అన్నాడు.

మాట ఎంత తియ్యగా ఉందో విన్నారు కదా, గుర్తుంచుకోండి.

కేదారుడు వెనక్కి ఉరికి వచ్చి, బావను బియ్యపు బస్తాలా భుజానికెత్తుకున్నాడు. అగ్గిసుడి సెగకు అతని వీపున బట్ట కమిలింది, జుట్టు చివరలు చిటపటలాడాయి. ఎలాగో శిఖరం చేరి, అటువైపు నిట్టనిలువు ఇసుకలోకి కళ్ళు మూసుకుని దూకేశాడు. దూకిన అదురుకు దిబ్బకు దిబ్బే కదిలింది. వెయ్యి శంఖాలు ఒక్కసారి ఊదినట్టు ఇసుక మోగింది, మోగుతూ జారింది. వాళ్ళిద్దరినీ అడుగుకు దొర్లించి, తరుముకొచ్చిన మంట మీద కొండలా విరుచుకుపడింది. అగ్గిసుడి ఒక్కసారి ఎగిసి, ఇసుక కింద ఆరిపోయింది.

కేదారుడు ముందుగా తడుముకున్నది తన ఒళ్ళు కాదు, బుర్రలు. రెండూ భద్రంగా ఉన్నాయి. ఉడుకేటి ఊటకు ఒక గుణముంది, బుర్రలో పోసి బిరడా వేస్తే ఎన్నాళ్ళైనా చల్లారదు. అతను ఎర్రతాడు బుర్రను చెంపకు ఆనించుకుని, ఆ వేడికి తృప్తిగా నవ్వాడు.

ఆ నీళ్ళ వెనక పెద్ద కథే ఉంది. శ్వేతగిరి కోట వెనక గరళసరస్సు అనే ఎర్రనీటి మడుగు ఉంది. దాహానికి వాలిన కొంగ వాలిన భంగిమలోనే రాయి అయిపోతుంది, ఒడ్డంతా అలాంటి రాతికొంగలే. చలికాలపు ఉత్సవం నాడు రాకుమారి హేమలేఖ పడవ దారి తప్పి ఆ మడుగులో చిక్కి మునగసాగింది. చెలికత్తెగా వెంట ఉన్న వకుళ నడుము లోతు నీళ్ళలో నిలబడి, రాకుమారిని భుజాన ఎత్తి ఒడ్డుకు చేర్చింది. రాకుమారి పాదాలు మాత్రమే తడిశాయి. ఆనాటి నుంచి ఇద్దరికీ తడిసినచోట మొదలైన రాయి పైపైకి పాకుతోంది. గొంతు దాటిందా, ఇక మనిషి లేదు, బొమ్మే. దానికి మందు ఉడుకేటి ఊట ఒక్కటే. మనిషికి ఒక నిండుబుర్ర కావాలి, సగంబుర్రకు రాయి కరగదు.

మందు తెచ్చినవాడికి అర్ధరాజ్యమిచ్చి, హేమలేఖనిచ్చి పెళ్ళి చేస్తానని ఉదయసేన మహారాజు చాటింపు వేయించాడు. పచ్చతాడు బుర్ర రాకుమారిది, ఎర్రతాడు బుర్ర వకుళది. ఆ ఎర్రతాడు వకుళ జడలోదే. బయలుదేరేటప్పుడు తనే ఊడదీసి ఇచ్చింది.

"రాకుమారికి మోకాళ్ళ దాకానే వచ్చింది బావా, ఇంకా చాలా వ్యవధి ఉంది. వకుళకే ఛాతీ దాటింది. రేపు పొద్దుగూకేలోగా ఇల్లు చేరాలి," అన్నాడు కేదారుడు, బావ మడమకు కట్టుకడుతూ.

"చేరతాంలే," అన్నాడు ధర్మపాలుడు.

"మరి మహారాజు అర్ధరాజ్యమిస్తానంటే ఏమంటావు?"

కేదారుడు నవ్వులాటకే అడిగాడు. ధర్మపాలుడు మాత్రం నవ్వలేదు. మడమ సలుపుతోంది కాబోలని కేదారుడు అనుకున్నాడు. నమ్మినవాడికి అన్నీ మంచిగానే కనబడతాయి మరి.

కొండదారిన నడిచి నడిచి, తెలతెలవారేసరికి ఇద్దరూ నడకరాళ్ళ బయలు దక్షిణపు గట్టుకు చేరుకున్నారు.

ఆ బయలు అందం చూసి తీరాలి. నాలుగువైపులా మంచుకొండలు, నడుమ కనుచూపు మేర చదునైన నేల. చలికాలంలో దాని మీద చీలమండ లోతు నీరు నిలిచి, రాత్రి చలికి గడ్డకడుతుంది. తెల్లవారుజామున ఆకాశమంతా అందులో దిగివచ్చి, కింద ఒకటీ పైన ఒకటీ రెండు వేగుచుక్కలు వెలుగుతాయి. ఆ అద్దం మీద అక్కడక్కడ నల్లరాళ్ళు కూర్చుని ఉంటాయి. కొన్ని గుమ్మడికాయంత, కొన్ని గుడిసెంత. ప్రతి రాయి వెనకా అది నడిచి వచ్చిన చాలు కనబడుతుంది. ఎవరూ నెట్టరు, ఏ ఎద్దూ లాగదు. పొద్దుపొడుపున గాలి లేచిందంటే రాళ్ళు మూలుగుతాయి, మూలుగుతూ బయలుదేరతాయి.

వాటిని కాపరిపాళెం వాళ్ళు నడిచే తల్లులంటారు. రాయి నడిచేవేళ చూడరాదు. మంచు 'టప్' మందంటే చాలు, చేతిలో ఏమున్నా కింద పెట్టి, బయలుకు వీపు తిప్పి, రెండు అరచేతులూ కళ్ళకు కప్పుకుని, మూలుగు ఆగేదాకా తల్లికి దండకం చెప్పుకోవాలి. ఆ వేళ చూసినవాడి కళ్ళు పోతాయి, ముట్టినవాడి ప్రాణం పోతుంది. ఇదీ తాతల మాట. ఒక్క కాపరిపాళెమే కాదు, శ్వేతగిరి రాజ్యంలో సిపాయి నుంచి సేనాని దాకా అందరూ పాటించే మాట.

ధర్మపాలుడు గట్టు అంచున చేతికర్రతో మంచును తడుముతూ నిలబడ్డాడు. కేదారుడు వెనక బుర్రలు సవరించుకుంటున్నాడు.

'టప్!'

కేదారుడు క్షణం ఆలస్యం చేయలేదు. బుర్రలు విప్పి కిందపెట్టాడు, వీపు తిప్పాడు, కళ్ళు కప్పుకున్నాడు.

"నడువమ్మా నడువు. నీ నడక నేను చూడలేదు. నీ దారి నేను తొక్కలేదు. నా కళ్ళు నాకుంచు తల్లీ..."

మూడోసారి 'తల్లీ' అనేలోగా నారపగ్గం అతని భుజాల చుట్టూ బిగిసింది. ఇంకో చుట్టు మోచేతుల మీద, ఇంకోటి మోకాళ్ళ మీద పడింది. కాళ్ళు లాగేసరికి బోర్లాపడ్డాడు. అప్పటికీ పిచ్చివాడు కళ్ళు తెరవలేదు.

"బావా! ఎవరో మన మీద పడ్డారు! బుర్రలు జాగ్రత్త!" అని కేక పెట్టాడు.

"బుర్రలు జాగ్రత్తగానే ఉన్నాయి," అంది ధర్మపాలుడి గొంతు, చెవి పక్కనే. "కళ్ళు తెరువు. రాళ్ళు ఇంకా నడవడం లేదు. కర్రతో మంచు పగలగొట్టింది నేనే."

కేదారుడు కళ్ళు తెరిచాడు. పగ్గం కొస బావ చేతిలో ఉంది. నిన్న సాయంత్రం తన భుజాన మోసిన బావే. కుంటడం కూడా లేదు!

"ఇదేం వేళాకోళం బావా?"

"కోపగించుకోకు కేదారా. నేను చెప్పేది విను," అంటూ ధర్మపాలుడు పక్కన చతికిలబడ్డాడు. పిల్లవాడికి బుజ్జగించి చెప్పినట్టే చెప్పాడు. "మహారాజు పిల్లనిస్తానన్నాడు. కానీ నేను మీ వకుళ పేరున నీతో ఒకే ఆకులో ఉప్పు పంచుకుని మాట ఇచ్చినవాణ్ణి. ఆ పిల్ల బతికుండగా నేను ఇంకొకతెను చేసుకోకూడదు. చేసుకుంటానన్నా మహారాజు ఒప్పుకోడు. వకుళ రాయి అయితేనే నాకు దారి. అదీ సంగతి."

ఇదే నోటితో నిన్న 'వకుళ కోసమైనా నువ్వు బతకాలి' అన్నాడు కదా!

"మా అమ్మ నీకూ నాకూ ఒకే కంచంలో ముద్దలు కలిపి పెట్టింది కదరా!" అన్నాడు కేదారుడు. బావను అతను 'రా' అనడం అదే మొదలు.

"అందుకే నీ రక్తం చిందించను. ఉప్పు పంచుకున్నవాడి నెత్తురు కళ్ళచూడకూడదు. ఉప్పు మాట నేను తప్పను."

ఉప్పు మీద ఎంత గౌరవం! పెళ్ళికూతుర్ని రాయి చేయడానికి అడ్డురాని ఉప్పు, రక్తం చుక్క దగ్గర అడ్డొచ్చింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడికి కూడా ఏవో నియమాలుంటాయి కాబోలు.

గట్టుకు నాలుగు బారల దూరంలో మంచంలాంటి నల్లరాయి ఒకటుంది. ధర్మపాలుడు కేదారుణ్ణి మంచు మీదుగా ఈడ్చుకెళ్ళి దాని మీద వెల్లకిలా పడేశాడు. పగ్గాన్ని రాయి కిందుగా చుట్టి ముడివేశాడు.

"నేను నిన్ను చంపడం లేదు. తల్లి నడిచినప్పుడు ఏం చేసుకుంటుందో ఆవిడ ఇష్టం."

"ధర్మపాలా! ఆ ఎర్రతాడు బుర్ర ఒక్కటీ ఇంటికి చేర్చు. అర్ధరాజ్యం కాదు, మొత్తం రాజ్యం ఏలుకో. నేను నోరు విప్పను. దాని ప్రాణం నిలబెట్టు!"

ధర్మపాలుడు రెండు బుర్రలూ నడుముకు కట్టుకున్నాడు. ఎర్రతాడు బుర్రను ఒకసారి చేత్తో తడిమాడు.

"దీన్ని దారిలో ఎక్కడో పారబోస్తాలే. నీ కళ్ళముందు పొయ్యను. అంత కఠినాత్ముణ్ణి కాను," అని గట్టుదారి పట్టి ఉత్తరానికి వెళ్ళిపోయాడు.

కేదారుడు ఏడ్చాడు. కట్లు తెంచుకోవాలని గింజుకుంటూ, గొంతు బొంగురుపోయేదాకా తిడుతూ, తిట్ల మధ్య బావా అని పిలుస్తూ ఏడ్చాడు. కరాళుడు శత్రువు, వాడు నిప్పుపెట్టడంలో వింతలేదు. తన కంచంలో తిన్నవాడే, తను కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకునే వేళ చూసి తాడు వేశాడు. ఆ బాధ అగ్గిసుడి సెగకన్నా ఎక్కువ మండింది.

ఎంతోసేపటికి కొండల మీద పొద్దు పొడిచింది. గాలి లేచింది.

'టప్... టప్... టపటపటప!'

ఈసారి ఏ కర్రా లేదు. బయలంతా ఒక్కసారి మూలిగింది. కేదారుడి వీపు కింద రాయి వణికి, మెల్లగా కదిలింది. అతను కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "నడువమ్మా నడువు, నీ నడక నేను చూడలేదు..." పెదవులు వాటంతటవే ఆడుతున్నాయి. మరుక్షణం ఆ దండకం నోట్లోనే ఆగిపోయింది. ఈ దండకం చదువుతూనే కదా మోసపోయాడు! కళ్ళు పోతే పోనీ. వకుళ పోయాక కళ్ళెందుకు?

తల ఎత్తి, కళ్ళు తెరిచాడు.

కళ్ళు పోలేదు.

తల్లీ లేదు, భూతమూ లేదు. గాజుపలకల్లాంటి పలచని మంచు చదరాలు, ఒక్కొక్కటి పొలమంత వెడల్పున, ఎండకు పగిలి విడిపోతున్నాయి. గాలి వాటిని నెడుతోంది. అవి వెళ్ళి రాళ్ళను నెడుతున్నాయి. బురద జారుడుకు రాళ్ళు నావల్లా సాగుతున్నాయి. ఇంతే!

"ఇంతేనా!" అని కేదారుడు బిగ్గరగా అరిచాడు. ఇన్ని తరాలు కళ్ళు మూసుకున్నది ఈ గాలికా, ఈ మంచుకా? బావ ఒక్కడే కాదు, తాతలూ మోసం చేశారని అతనికి ఒళ్ళు మండింది.

మంచుపలక ఒకటి వచ్చి రాయి పక్కగా రాపాడుతూ నిక్కింది. దాని అంచు కొత్త కత్తిలా మెరిసింది. కేదారుడు ఒళ్ళంతా బిగబట్టి పక్కకు లాగాడు. రాయి కిందుగా పోయిన పగ్గం ఆ అంచుకు తగిలింది. ఒక పోగు తెగింది, రెండు తెగాయి, నార పిట్లింది. పటుక్కున పగ్గం వదులైంది!

అతను ఒంటి మీది చుట్లు విడిపించుకుని, లేచి రాయి మీద నిలబడ్డాడు. గాలి ఉత్తరానికి జోరుగా వీస్తోంది. ధర్మపాలుడు చుట్టుతిరిగి పోవలసిన ఉత్తరపు గట్టుకే ఈ నల్లరాయి బయలుకు అడ్డంగా, గుర్రబ్బండి వేగంతో సాగిపోతోంది. కాపరిపాళెం పుట్టిననాటి నుంచి నడిచే రాయినెక్కి కళ్ళు తెరుచుకుని ప్రయాణం చేసినవాడు అతనొక్కడే.

ఉత్తరపు గట్టున ధర్మపాలుడు హుషారుగా నడుస్తున్నాడు. అల్లంత దూరాన రాజుగారి కావలిఠాణా జెండా కనబడుతోంది. అప్పుడు మూలుగు వినిపించింది. దగ్గరగా, ఇంకా దగ్గరగా! ఎంత దుర్మార్గుడైనా కాపరిపాళెంలో పెరిగినవాడే. బుర్రలు విప్పి కిందపెట్టాడు, వీపు తిప్పాడు, కళ్ళు కప్పుకున్నాడు.

"నడువమ్మా నడువు... నా కళ్ళు నాకుంచు తల్లీ..."

రాయి గట్టుకు ఒరుసుకుని ఆగింది. కేదారుడు దిగి వచ్చి, బుర్రలు అందుకుని, బావ ఎదుట నిలబడ్డాడు.

"దండకం పూర్తిచెయ్యి బావా. సగంలో ఆపితే పాపం."

ధర్మపాలుడు చేతులు తీసి చూశాడు. ముఖాన నెత్తురు చుక్క లేదు. "నువ్వా? తల్లి నిన్నేం చేయలేదా?"

ఎర్రతాడు బుర్ర కేదారుడి చేతిలో తేలికగా ఉంది. బిరడా తీసి వంచాడు. ఒక్క చుక్క అరచేతిలో పడింది, వెచ్చగా. అంతే.

"దీన్నెందుకు మోసుకొస్తున్నావురా, ఖాళీ చేశాక?"

"కోటలో చూపించాలిగా. నువ్వు పారబోసి పారిపోయావని చెప్పడానికి," అన్నాడు ధర్మపాలుడు. అంతలో అతని కళ్ళు కేదారుడి భుజం మీదుగా ఠాణా వైపు తిరిగాయి. ముఖంలోకి నెత్తురు తిరిగొచ్చింది. గొంతు చించుకుని అరిచాడు. "దొంగ! దొంగ! రాకుమారి మందు ఎత్తుకుపోతున్నాడు! రండి, రండి!"

ఠాణా గుర్రాలు దుమ్ము లేపుతూ వచ్చాయి. ముందున్న దళవాయి కత్తి దూశాడు.

"ఆ బుర్ర కిందపెట్టు! తప్పొప్పులు మహారాజు తేలుస్తారు."

కిందపెడితే కేదారుడు నిర్దోషి కావచ్చు. మోచేతుల మీద పగ్గపు వాతలు ఉన్నాయి, చూపించవచ్చు, విచారణ జరగవచ్చు. అది తేలేసరికి పొద్దుగూకుతుంది, వకుళ గొంతు దాకా రాయి వస్తుంది. రాకుమారికి మోకాళ్ళే. ఆమె కోసం ఉడుకేటికి ఇంకోసారి వెళ్ళిరావచ్చు, కరాళుణ్ణి ఇంకోసారి ఎదిరించవచ్చు. వకుళకు ఇంకోసారి లేదు.

కేదారుడు ఖాళీబుర్ర మెడ నుంచి ఎర్రతాడు విప్పాడు. పచ్చతాడు పీకి నేల మీద పెట్టాడు. ఎర్రతాడును నిండుబుర్ర మెడకు చుట్టి, అందరూ చూస్తుండగా ముడివేశాడు.

"మహారాజుకు చెప్పండి. ఇది నేను దొంగిలించాను. రాకుమారి వంతు తెచ్చి ఇచ్చాక నా తల తీసుకోమనండి."

"పట్టుకోండి వాణ్ణి!" అని దళవాయి గర్జించాడు.

అదే క్షణాన గాలి మళ్ళింది. తూర్పు ఒడ్డున ఉన్న కాపరిపాళెం వైపుకు ఈడ్చి కొట్టింది. మంచు 'టప్' మంది, బయలంతా మూలిగింది. కత్తులు ఖణేలుమని కిందపడ్డాయి. దళవాయితో సహా సిపాయిలంతా గుర్రాలు దిగి, బయలుకు వీపులు తిప్పి, కళ్ళు కప్పుకుని, "నడువమ్మా నడువు" అని ఏకకంఠంతో అందుకున్నారు.

కేదారుడు బుర్రను గుండెలకు హత్తుకుని నల్లరాయి మీదికి ఉరికాడు. రాయి గట్టు వదిలి తూర్పుకు సాగింది. అతను ఒక్కసారి వెనక్కి చూశాడు. గట్టు మీద వరసగా వీపులే. ఆ వరసలో ఒక్క ముఖం మాత్రం ఇటు తిరిగి ఉంది. దాని మీద కప్పిన వేళ్ళు మెల్లగా విచ్చుకున్నాయి, సందులోంచి రెండు కళ్ళు కేదారుడి కాళ్ళ కింది రాయినీ, దాన్ని నెడుతున్న మంచునూ చూశాయి.

చేతులు కిందికి దిగాయి. దండకం చదువుతున్న సిపాయిల మధ్య నుంచి ధర్మపాలుడు వంగి ఒక కత్తి ఏరుకున్నాడు. గట్టు పక్కన ఇంకో రాయి అప్పుడే కదులుతోంది. అతను దాని మీదికి దూకాడు, కళ్ళు తెరుచుకునే.